నల్లసిరా కింద పేరు

టూంగాబీ,
సిడ్నీ, 12 అక్టోబరు 1998.

పిల్లా,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని కార్డు రాశావు గానీ, అందుకు ఆధారాలేవీ చూపించలేదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో చరిత్రా భూగోళమూ చెప్పినదాన్ని. ఆధారం లేని జవాబుకి మార్కులు వేసే అలవాటు నాకు లేదు.

మీ నాన్న రోజూ పని నుంచి రాగానే మీ ఊరికి ఫోను తిప్పుతాడు. ఈ నంబరు పనిచేయడం లేదని అటునుంచి ఒకావిడ ఎంతో మర్యాదగా చెబుతుంది. ఆవిడ గొంతు విని విని మీ అమ్మ, "పోనీ ఓ ఆదివారం ఆవిడనే భోజనానికి పిలవండి శామ్" అంటోంది. కనక ఇకమీదట ఉత్తరాలే గతి. పన్నెండేళ్ల పిల్లవి ఈ దేశం వచ్చాక కూడా నిన్ను కూర్చోబెట్టి తెలుగు రాయించినందుకు అప్పట్లో నన్ను రాక్షసి అన్నావు. రాక్షసి చేసిన మేలు ఇప్పుడు పనికొస్తోంది.

పక్కవీధి శేషగిరిగారి దగ్గర్నుంచి పెద్ద అట్లాసు తెప్పించాను. ఈ దేశం నెత్తిమీద ఎవరో కొరికినట్టు గల్ఫు ఉంది చూడు, దాని ఒడ్డున భూతద్దం పెట్టి వెతికితే నీ హార్కర్స్ బెండ్ కనిపించింది. చుట్టూ ఒక్క పేరు లేదు. ఉత్త కాగితం. "ఇక్కడేముంటాయండీ?" అని ఆయన్ని అడిగాను. "మొసళ్లండీ" అన్నాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, అడిగినదానికే జవాబు చెబుతాడు.

యూనివర్సిటీవాళ్లు పంపారనీ, ఆనర్స్ చదువనీ, ఆ ఉత్తర దిక్కు కొసన బతికిన కుటుంబాల చరిత్ర రాస్తావనీ మీ నాన్న చెప్పాడు. చరిత్ర చదవడానికి సిడ్నీలో లైబ్రరీలు తగలబడ్డాయా? సరే, వెళ్లావు. రెండు ప్రశ్నలకి జవాబు రాయి. సముద్రం మీ ఊరికి ఎంత దూరం? మీ ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తు? భయపడి అడుగుతున్నాననుకోకు, ఇది భూగోళం.

వానలు పట్టకముందే, నవంబరు ఆఖరుకల్లా వచ్చెయ్.

అట్లాసు మూయకుండా కూర్చున్న
నీ నానమ్మ.


హార్కర్స్ బెండ్,
27 అక్టోబరు 1998.

నానమ్మా,

నీ ఉత్తరం మంగళవారం విమానంలో వచ్చింది. వారానికి ఒక్కటే విమానం. ఊరంతా ఎయిర్‌స్ట్రిప్ దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. అంతకుముందు అక్కడున్న గుర్రాల్ని తోలాలి.

ముందు నీ భూగోళం. సముద్రం పన్నెండు కిలోమీటర్లు, నది వెంట పోతే. మధ్యలో ఉప్పు తేలిన పర్రనేల, మడ అడవి తప్ప ఏమీ లేదు. ఎత్తు నాకూ తెలీదు, కౌన్సిల్ ఆఫీసులో మ్యాపు చూశాను. నాలుగు మీటర్లు. నీళ్ల ట్యాంకు కట్టిన దిబ్బ ఒక్కటే పదకొండు. చాలా? ఫుల్ మార్కులు వెయ్యి.

ఇంక నా పని. వందేళ్ల కిందట తెల్లవాళ్లు దక్షిణం నుంచి పశువుల మందలు తోలుకుంటూ తుపాకులతో వచ్చారు. ఇక్కడి మూలవాసులు చాలామంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లు మడల్లో దాక్కున్నారు. తర్వాత మిషన్ వచ్చి వాళ్లని ఒకచోట కూర్చోబెట్టింది. మిషన్ రిజిస్టర్లలో పాలీ, టామీ, టాప్సీ, అంతే. తండ్రి పేరు దగ్గర ఒక గీత. ఎవరు ఎవరి మనవడో వాళ్ల పిల్లలకి కాగితం మీద దొరకదు. నేను ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లని అడిగి ఫ్యామిలీ చార్టులు వేస్తున్నాను.

అన్నీ చెప్పేది ఒకే ఒక్క ఆంటీ. ఇక్కడ కూడా పెద్దవాళ్లందర్నీ ఆంటీ అంకుల్ అనే పిలుస్తారు, అచ్చం టూంగాబీ! ఆంటీకి ఎనభై దాటాయి. ఆమె పేరు కూడా ఎల్సానే నానమ్మా! మిషన్ దొరసాని తన పేరే పెట్టిందట. ఆంటీ మ్యాపు చూడదు. ఏదైనా వాగూవంక పేరు అడిగితే ఒక మనిషి పేరు చెబుతుంది, ఆ మనిషి ఎవరికి పుట్టిందో చెబుతుంది. అట్లాసులో నువ్వు చూసిన ఉత్త కాగితం అంతా మనుషులే.

ఒకే పేరు కాబట్టి నేనూ ఆమే ఒకటేనట. ఆంటీ తమ్ముడు అంకుల్ హెన్రీకి డెబ్భై ఏళ్లుంటాయి. నన్ను అక్కా అంటాడు! నా ముందు సిగరెట్ దాచేస్తాడు.

ప్రొఫెసర్ ముందు మా సొంత కుటుంబం చార్టు వేసి పంపమన్నారు. నాన్న పక్కన ఒక గడి ఖాళీగా ఉంది. ఉప్పెనలో పోయిన అత్తది. పేరు నాకు తెలుసు, అది నాకే పెట్టారు కదా. మిగతావి బయల్దేరేముందు అడిగితే నాన్న "నానమ్మనడుగు" అన్నాడు. రాస్తావా?

నీ
ఎల్సా.


టూంగాబీ,
9 నవంబరు 1998.

పిల్లా,

నాలుగు మీటర్లకి ఫుల్ మార్కులు వేయలేను. దివిసీమలో మా ఊరు కూడా అంతే ఎత్తు. మాకు కొండ అంటే చర్చి మెట్లే.

నీ చార్టు గడి సంగతి తర్వాత.

అయితే మిషన్‌వాళ్లు అక్కడా ఇక్కడా ఒకే పేర్ల మూట విప్పారన్నమాట. మా ఊళ్లో ఓ వీధి నిండా ఎల్సాలు, మార్తాలు, ఒకరిని పిలిస్తే నలుగురు తలుపు తీసేవారు. మీ ఆంటీ పేరు విని మీ నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీకు తాత వయసు తమ్ముడొకడు దొరికాడు, ఇంకా రేపో మాపో మేనమామలూ దొరుకుతారు. మనలో మేనమామ దొరికాడంటే పెళ్లికొడుకు దొరికినట్టే, చూసుకో. ముక్కూ మొహం తెలియనివాళ్ల వరసల్లో దూరడం ఎందుకే? నీకు నానమ్మ కావలిస్తే ఇక్కడ ఒకతె ఉంది. మోకాళ్లు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.

మీ నాన్న శనివారం పెండిల్ హిల్‌లో మనవాళ్ల కొట్టుకి పోయి గోంగూర పచ్చడి, కారప్పొడి, బియ్యపురవ్వ తెచ్చాడు. పార్సెలు కట్టి వేరే పంపుతున్నాను. పచ్చడి మీద నూనె తేలేదాకా పోశాను, ఆ ఎండకి పాడవదు. దానికోసం విమానం దగ్గరికి పరిగెత్తకు, గుర్రాలున్నాయన్నావు.

ఉప్పెన వచ్చిన పందొమ్మిదో తారీకు వస్తోంది. ఆ రోజు మీ నాన్న నాతో మాట్లాడడు, నేను మీ నాన్నతో మాట్లాడను. మీ అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టి డ్యూటీకి పోతుంది. నర్సు కదా, ఎవరికి ఎప్పుడు ఏ మందో దానికి తెలుసు.

ఆకాశం చూస్తూ ఉండు. గాలి ఆగిపోయి చెమట ఆరకపోతే, అది మంచి శకునం కాదు. ఆఖరి వారంలో టికెట్టు తీసుకో. ఇది అడగడం కాదు.

నీ నానమ్మ, ఇంతవరకు ఒక్కతే.


హార్కర్స్ బెండ్,
24 నవంబరు 1998.

నానమ్మా,

ముక్కూ మొహం తెలియనివాళ్లు అన్నావు. నాకు ముక్కూ తెలుసు, మొహమూ తెలుసు. ఆంటీ వాళ్లమ్మ మడల్లోంచి బయటికి నడిచొచ్చిన చోటు కూడా తెలుసు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని. నువ్వు కూడా మిగతావాళ్లలాగే మాట్లాడితే నేను ఎవరికి రాయాలి?

చార్టు గడి ఖాళీగానే పంపాను. ప్రొఫెసర్ దాని పక్కన ఎర్రసిరాతో ప్రశ్న గుర్తు పెట్టారు.

నవంబరు ఆఖరుకి రాను. ఆంటీకి బాగాలేదు. ఊపిరి ఆడడం లేదు. డాక్టర్ విమానం వచ్చింది, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు. ఆంటీ తల తిప్పుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. విమానం ఖాళీగా వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాయి. రోడ్డు పోయింది. టెలిఫోను స్తంభం మీద పిడుగు పడింది, ఇప్పుడు ఆ మర్యాదస్తురాలు కూడా పలకదు. నిన్న వంక దాటుతుంటే నీళ్లు మోకాలి పైకి వచ్చాయి. అంకుల్ హెన్రీ వెనకనుంచి "అక్కా, నా మొహం చూడకు, నీళ్లు చూడు" అన్నాడు. ఎందుకో అడగలేదు. దాటాక చూస్తే అవతలి గట్టుమీద బురదలో మొసలి జారిన జాడ ఉంది, నా మంచమంత వెడల్పు. అప్పట్నుంచీ చప్పుడైతే చాలు ఉలిక్కిపడుతున్నాను.

నవ్విద్దామని ఒకటి చెబుతాను. ఇక్కడ అల్లుడు అత్తగారికి ఎదురుపడకూడదు, మాట్లాడకూడదు. ఆమె వస్తుంటే అతను పక్కకి తిరిగిపోతాడు.

పందొమ్మిదిన నీ గురించి అనుకున్నాను. గాలి లేదు ఆ రోజు.

ఎల్సా.


టూంగాబీ,
7 డిసెంబరు 1998.

పిల్లా,

నీకు కోపం వచ్చింది. వచ్చిన కోపం న్యాయమైనది. ఆ మాట నా నోటి దురద. దానికి ఇంతకంటే పెద్ద క్షమాపణ నా దగ్గర లేదు, ఉన్నా నీకిచ్చి నిన్ను చెడగొట్టను. ఆ అత్తగారి ఆచారం కోడళ్లక్కూడా ఉంటే మీ అమ్మా నేనూ ఎంత సుఖపడేవాళ్లం!

ఇప్పుడు అసలు సంగతి. టీవీలో మ్యాపు చూపిస్తున్నారు. గల్ఫులో తెల్లటి సుడి ఒకటి తిరుగుతోంది. శేషగిరిగారు అట్లాసు పట్టుకుని వచ్చి దాని పక్కన పెట్టి చూశాడు. ఏమన్నా చెబుతాడేమోనని చూశాను. "కాఫీ వద్దమ్మా" అని వెళ్లిపోయాడు.

ఈ ఉత్తరం నీకు అందేలోపు గాలి అందుతుంది. తెలిసే రాస్తున్నాను. రాయకుండా కూర్చుంటే చేతులు ఊరుకోవడం లేదు.

చర్చిలోకి వెళ్లొద్దు. అందరూ వెళ్తారు. పాస్టరుగారు రమ్మంటారు. రాతిగోడలు కదా, దేవుడి ఇల్లు కదా అనుకుంటారు. తలుపు వేసుకుని పాట పాడతారు. నీళ్లు తలుపు తట్టి రావు. గాలికి భయపడి తలుపు వేసుకున్నవాళ్లకి నీళ్లొచ్చాక అది తెరుచుకోదు, అవతలినుంచి సముద్రం ఆనుకుని ఉంటుంది. గాలి మనిషిని కొడుతుంది గానీ చంపేది నీళ్లు. తడిసినా పరవాలేదు, ఎత్తు కావాలి. నది వెనక్కి పోయి అడుగు బయటపడితే వింత చూడ్డానికి దిగొద్దు. అది మళ్లీ వస్తుంది. మధ్యలో గాలి ఆగుతుంది, అయిపోయిందనుకుని కిందికి రావద్దు. రెండోసారి ఎదురు దిక్కునుంచి కొడుతుంది.

మాకు ఎవరూ చెప్పలేదు. రేడియోలో చెప్పారంటారు గానీ, మా ఊళ్లో అప్పుడు కరెంటు లేదు.

మీ నాన్న ఫోను దగ్గరే కూర్చున్నాడు. పిలిచినా అన్నానికి రావడం లేదు. మీ అమ్మ ఇవాళ సెలవు పెట్టింది. అది సెలవు పెట్టిందంటే మామూలు సంగతి కాదు.

ఎత్తుకి పో.
నానమ్మ.


టూంగాబీ,
21 డిసెంబరు 1998.

పిల్లా,

ఇవాళ పోస్టతను గుమ్మంలో నా పార్సెలు పెట్టి వెళ్లాడు. నేను నీకు పంపిందే. అట్ట నాని ఎండింది. పచ్చడి సీసా లోపల పగల్లేదు. ఒక మూలనించి నూనె కారింది, అంతే. పంపినవారికి తిరిగి చేర్చమని ముద్ర ఉంది. మన అడ్రసు ఉంది. నీ ఊరు ఉంది. నీ పేరు లేదు. నీ పేరున్న చోట ఎవరో నల్లసిరా దట్టంగా పూశారు. కొట్టివేత కాదు, పిల్లా. గీతల్లేకుండా, పక్కలకి పోకుండా, శ్రద్ధగా పూశారు. నేను రాసిన నీ పేరులో ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

మా చిన్నప్పుడు మా ఊరికి చావు కబురు కార్డు అంచున నల్లసిరాతో వచ్చేది. వాకిట్లోనే చదివి, చింపి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాళ్లం. క్రైస్తవులమే, అయినా అంతే. మీ అమ్మ ఆ అట్టవైపు ఒకసారి చూసి స్టవ్ మీద పాలు పొంగుతున్నా అలాగే నిలబడింది. నేను చింపలేదు. పార్సెల్ని లోపలికి తెచ్చి నా మంచం మీద పెట్టుకున్నాను.

మీ నాన్న తుపాను సహాయపు ఆఫీసుకి ఫోను చేశాడు. విమానంలో బయటికి తెచ్చినవాళ్ల పేర్లలో నువ్వు లేవు. గాలికి ఎవరూ పోలేదని ఒక అమ్మాయి చెప్పింది. తర్వాత కాస్త ఆగి, ఆ ఊళ్లో తుపానుకి ముందు ఒక మరణం జరిగిందంది. ఎవరని అడిగితే, "పేరు చెప్పడానికి వీల్లేదండీ, కుటుంబంవాళ్లు కోరారు" అంది. "మేమే కుటుంబం!" అని మీ నాన్న అరిచాడు. పోయింది పెద్దావిడా, చిన్నదా అని అడగాలి కదా. అడగలేకపోయాడు. ఫోను పెట్టేశాడు. ఏం చెబుతుందో వినడంకన్నా అదే నయమనిపించింది వాడికి. నేను పక్కనే ఉన్నాను. అడుగు అని నేను కూడా అనలేదు. తర్వాత మీ అమ్మ చేస్తే వేరే మనిషి ఎత్తాడు, తనకేమీ తెలియదన్నాడు. అక్కడి కుటుంబం ఎవరు, ఇక్కడ మేమెవరం?

నువ్వు లేవనుకుంటే ఈ ఉత్తరం ఎవరికి? ఉన్నావనుకుంటే నీ పేరు ఎందుకు నల్లగా ఉంది? నిన్న ఆరాధనకి పోలేదు. అందరూ మోకాళ్ల సంగతి అడుగుతారు, నేను మోకాళ్లని చెబుతాను, అబద్ధం.

వానలో బట్టలు తీసుకోకుండా వదిలేశాం. అవి అలాగే తడుస్తున్నాయి.

నానమ్మ.


హార్కర్స్ బెండ్,
29 డిసెంబరు 1998.

నానమ్మా,

నేను బతికే ఉన్నాను. మొదటి వాక్యం అదే రాయాలని అంకుల్ హెన్రీ చెప్పాడు. ఆహారం తెచ్చిన హెలికాప్టర్ పైలట్‌కి మన ఫోను నంబరిచ్చాను. ఈ ఉత్తరాన్ని కూడా అతనే తీసుకెళ్తాడు. నీ రెండు ఉత్తరాలు, ఏడోదీ ఇరవయ్యొకటోదీ, ఇవాళే ఒకే సంచిలో వచ్చాయి. రెండోది చదివి ఎయిర్‌స్ట్రిప్ మీద బురదలో కూర్చుండిపోయాను.

ఆంటీ డిసెంబరు మొదట్లో పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఇక్కడ ఒక మనిషి పోతే ఆ పేరు మూసేస్తారు. ఎవరూ పలకరు, ఎక్కడా కనబడనివ్వరు. ఫోటో గోడవైపు తిప్పుతారు. అదే పేరున్నవాళ్లు బతికే ఉంటే వాళ్లని కూడా ఆ పేరుతో పిలవరు. కుటుంబం ఇంక చాలనేదాకా, అది ఏళ్లు కూడా కావచ్చు. ఇది పుస్తకాల్లో చదివాను. నా మీదకే వస్తుందని అనుకోలేదు. ఆ మర్నాడు ఆఫీసు తలుపు మీద నా పేరుకి ఎవరో టేపు అంటించారు. పిల్లలు నన్ను చూసి ఆగిపోయి, ఏమని పిలవాలో తెలీక పారిపోయారు. నన్ను ఇప్పుడు "ఆ అమ్మాయి" అంటారు. స్టోర్‌లో టపా చూసే నోరీన్, ఆంటీకి మనవరాలవుతుంది. నీ పార్సెలు మీద ఆ పేరు పెద్దక్షరాల్లో చూసి తట్టుకోలేక సిరా పూసింది. నాకివ్వడానికి పక్కన పెట్టింది. అదే రోజు తుపాను విమానం వచ్చి ముసలివాళ్లని ఎక్కించుకుంటూ, స్టోర్‌లో ఉన్న టపా అంతా ఊడ్చుకుపోయింది. పేరులేని పార్సెలు ఎవరికివ్వాలో పట్నంలో వాళ్లకి తెలీక నీకు పంపేశారు. నోరీన్‌కి చెబితే ఏడ్చింది. మీ అందరి ముందు తప్పయిపోయిందని రాయమంది.

ఆ విమానంలో నాకు కూడా సీటుంది నానమ్మా. ఎక్కలేదు. ఆంటీ ఇంట్లోవాళ్లు దుఃఖంలో ఉన్నారు, మేం కదలం అన్నారు. వాళ్లని వదిలి ఎక్కడానికి కాళ్లు రాలేదు.

గాలి మొదలైనప్పుడు పాస్టరుగారు చర్చికి రమ్మన్నారు. నీ ఏడో తారీకు ఉత్తరం అప్పటికి రాలేదు. అయినా నువ్వు ఎత్తు అడిగావు కదా, అందుకని నాకు మీటర్లు తెలుసు. పదకొండు అని చెప్పాను. అందరం దిబ్బ మీద ట్యాంకు పునాదిని పట్టుకుని తడుస్తూ కూర్చున్నాం. పాస్టరుగారు కూడా వచ్చారు. చర్చిలో నీళ్లు కిటికీ అంచు దాకా వచ్చాయి. బెంచీలు తేలి తలుపుకి అడ్డంపడి ఉన్నాయి.

ఇంక అడగాల్సింది. ఆంటీ పట్నం మార్చురీలో ఉంది. రోడ్లు తెరిచి చుట్టాలు చేరితే గానీ ఇక్కడ సమాధి చేయరు, మార్చి కావచ్చు. పేరు పంచుకున్నదాన్ని, నేను లేకుండా చేయరట. ఉంటానని మాటిచ్చాను. కానీ గల్ఫులో మళ్లీ ఇంకొకటి తయారవుతోంది. మొదటిదానికి తెలీక ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు తెలుసు. నాన్న నన్ను వెతికి తీసుకుపోవడానికి చిన్న విమానం మాట్లాడుతున్నాడని పట్నంలో విమానాలవాళ్లు అనుకుంటుంటే విన్నానని పైలట్ అన్నాడు. నాన్న మాట నేను వినను, అది నాన్నకీ తెలుసు. నువ్వు రమ్మంటే వస్తాను. ఒక్క మాట రాయి. నాకు చాలా భయంగా ఉంది.

నీ మనవరాలు.


టూంగాబీ,
11 జనవరి 1999.

పిల్లా,

నీ పైలట్ ఫోను చేసినప్పుడు నేనే ఎత్తాను. "మీ అమ్మాయి బాగానే ఉందమ్మా" అన్నాడు. "ఏ అమ్మాయి? పేరు చెప్పు" అన్నాను. "చెప్పకూడదంటున్నారమ్మా ఆ ఊరివాళ్లు" అన్నాడు. ఆ క్షణంలో అతన్ని వైరులోంచి లాగి రెండు తగిలించాలనిపించింది. "మరి నా మనవరాలేనని ఎలా నమ్మను?" అన్నాను. కాసేపాలోచించి, "ఏదో పచ్చడి తిరిగెళ్లిపోయిందని తెగ బాధపడిపోతోందండీ" అన్నాడు. రిసీవరు మీ అమ్మకిచ్చి నేల మీద కూర్చున్నాను. లేవడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.

నోరీన్‌కి చెప్పు, ఆమె తప్పేమీ లేదని. అంత శ్రద్ధగా సిరా పూసిన చెయ్యి మంచి చెయ్యే.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మనవాళ్లు పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి తొడుగుతారు. వాళ్లు పోయినవాళ్ల పేరు బతికున్నవాళ్ల మీద నుంచి కూడా తీసి దాస్తారు. నీకు ఆ పేరు పెట్టింది మీ నాన్న. అప్పుడు నేను వద్దనలేదు, సరేననీ అనలేదు. ఇరవై ఏళ్లుగా నిన్ను పిల్లా అన్నాను, అమ్మడూ అన్నాను, కోపమొస్తే ఒసేయ్ అన్నాను. ఆ పేరు మాత్రం నా నోట్లోంచి రాలేదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు నాకూ తెలిసేది కాదు. ఇప్పుడు మీ ఆంటీ ఇంటివాళ్లకైతే వివరించక్కర్లేదు.

నీ చార్టు గడి నింపుకో. నా కూతురు, మీ నాన్నకి చెల్లెలు. పుట్టింది 1960 వేసవిలో. బందరు కాలేజీలో చదువుతుండేది. వారాంతం ఇంటికి వచ్చింది. శనివారం, మర్నాటి ఆరాధనకి పాటలు నేర్చుకోవడానికి చర్చికి పోయింది. నేను స్కూలు మేడమీద పేపర్లు దిద్దుతున్నాను. మీ నాన్న గుంటూరులో ఉద్యోగంలో ఉన్నాడు. నీళ్లు తీశాక ఆమె దొరకలేదు. ఎవరెవర్నో ఎక్కడెక్కడో కలిపి పూడ్చారు, చేసేవాళ్లకి కూడా వేరే దారి లేదు. ఫలానా చోట ఉంది అని నిలబడి ఒక పాట పాడుకునే నేల నాకు ఎవరూ చూపించలేదు. మీ తాతయ్య ఆ తర్వాత బతికిన రెండేళ్లూ ఆ నేల కోసం తిరిగారు. ప్రొఫెసరుగారి ప్రశ్న గుర్తు పక్కన ఇది రాయి. ఇంతకన్నా ఎక్కువ రాస్తే నా చెయ్యి ఒప్పుకోదు.

ఇక నీ ప్రశ్న. ఉత్తరం రాగానే మీ నాన్న నా ముందు కూర్చున్నాడు. "నువ్వు రమ్మను అమ్మా. నీ మాటే వింటుంది. ఒక్క ముక్క రాయి, చాలు" అన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, బతిమాలుతున్నాడు. తర్వాత మీ అమ్మ గిన్నెలు తోముతూ, "మీరు ఏం రాసినా నేను మీకు అన్నం పెడతాను అత్తయ్యా" అంది. పాతికేళ్లలో అది నాకు ఇచ్చిన పెద్ద బిరుదు.

రమ్మని రాద్దామని కూర్చున్నాను పిల్లా. నాలుగు రోజులుగా అదే కూర్చోవడం. టీవీలో ఆ రెండో సుడి మ్యాపు మీద కదిలినప్పుడల్లా లేచి అట్లాసులో నీ ఊరికి ఎంత దూరమో కొలుస్తున్నాను. రాత్రి కునుకు పడితే బెంచీలు తేలుతున్నాయి. నాకు ధైర్యం ఉందని నువ్వనుకుంటే అది నా నోరు చేసిన మోసం. నా దగ్గర ఎన్నడూ లేదు.

కానీ ఆమెకి ఒక సమాధి ఉండబోతోంది. ఎక్కడో తెలిసిన సమాధి. దాని చుట్టూ నిలబడాల్సినవాళ్లు ఎవరో వాళ్లకి లెక్క ఉంది, ఆ లెక్కలో నువ్వున్నావు. నువ్వు లేవని ఆ చోటు ఖాళీగా పెట్టించే పని నేను చేయలేను. చేస్తే నువ్వు వస్తావు. వచ్చి నా పక్కన అన్నం తింటావు. నన్ను క్షమిస్తావు కూడా. అదే నాకు వద్దు.

ఉండు. మార్చి దాకా ఉండు. మీ ప్రొఫెసరుకి నేనే రాస్తాను, చదువు మీద నాకున్న అభిప్రాయాలతో సహా. గాలి లేస్తోందని అంకుల్ హెన్రీ అన్నప్పుడు నువ్వు వాదించకు, అతను నీకు తమ్ముడైనా సరే. రేడియోకి బ్యాటరీలు తెప్పించుకో. ముసలివాళ్లని ముందే కదిలించండి, చివర్లో వాళ్లు కదలరు, మా వాళ్లూ కదల్లేదు. వీలైనప్పుడల్లా రెండు వాక్యాలు రాయి. కథ అక్కర్లేదు.

ఇక్కడితో ఆపాలి. మీ నాన్న హాల్లో ఆ చిన్న విమానం మనిషికి ఫోను చేశాడు, వద్దని చెప్పడానికి. "సారీ" అన్నాడు, ఆగాడు. మళ్లీ "సారీ" అన్నాడు. అంతకుమించి మాట రావడం లేదు వాడికి. వెళ్లి ఆ ఫోను నేను తీసుకోవాలి.

నానమ్మ.